చివరి ప్రూఫు నేనే చూశాను

అక్టోబర్ 7, సోమవారం

భోజనాలయ్యాక మా మేనేజరు పాంగ్ గారు పిలిచి పని అప్పజెప్పారు. మా ఆఫీసులో ఉన్న పాత విండోస్‌కి జనవరితో గడువు తీరిపోతుందట. ఆ తర్వాత వైరస్ పట్టినా పట్టించుకునే నాథుడుండడు. అందుకని ఎడిటింగ్ విభాగం మొత్తానికి కొత్త కంప్యూటర్లు కొంటున్నారు. వాటిలో ఏ సిస్టం ఉండాలి, పేజీలు కట్టడానికి ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలి, నేను తేల్చి చెప్పాలి.

"ఇక్కడ అందరికన్నా సీనియర్ మీరే. మీరు ఏదంటే అదే," అన్నారు.

ఎంత సంతోషమేసిందో రాసుకోడానికి కూడా సిగ్గుగా ఉంది. ఇన్నేళ్ళూ బడిపిల్లల సైన్సు వర్క్‌బుక్కుల్లో తప్పులు ఏరడమే నా పని. ఏది కొనాలో నన్ను ఎవరూ అడగలేదు ఎప్పుడూ.

నా పక్క సీటు నారే అప్పుడే మొదలుపెట్టింది. పేజీలు కట్టేది ఆ అమ్మాయే. కాంట్రాక్టు మీద చేరి మూడో ఏడు. పాంగ్ గారు ఉంటే నన్ను మేడం అంటుంది, లేకపోతే అక్కా అంటుంది. పుస్తకాల ఊరని పేరున్న పాజూలో ప్రచురణ సంస్థలన్నీ ఎప్పుడో లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌కి మారిపోయాయట. ఉత్తరాలు టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్‌తో పుస్తకాలు కడుతున్నది మనమేనట. "ఇది గరిటెతో నుయ్యి తవ్వడం అక్కా," అంది. నిజమే, నవ్వొచ్చింది. ఆ లేఅవుట్ సాఫ్ట్‌వేరే రాయాలి రిపోర్టులో.

నా తెర పాడైనట్టుంది. అంచుల్లో అక్షరాలు మసకగా కనపడుతున్నాయి. మార్చమని చెప్పాలి.

అక్టోబర్ 11, శుక్రవారం

తెర మార్చారు. ఇదీ అంతే.

అక్టోబర్ 17, గురువారం

హప్‌జొంగ్ మెట్రో స్టేషన్ మెట్ల మీద తూలి ఒక పెద్దాయన మీద పడ్డాను. పొద్దున్నే తాగి వస్తున్నాననుకున్నాడు పాపం. ఆఫీసుకి సెలవు చెప్పి కంటి ఆస్పత్రికి వెళ్ళాను.

రెటీనా చుట్టూ నుంచి చచ్చిపోతూ వస్తోందట. మధ్యలో కొంత మిగిలిందట. అది ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేమన్నాడు డాక్టర్. మందు లేదు. పొలమారినప్పుడు మంచినీళ్ళు తాగమన్నంత మామూలుగా చెప్పాడు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. కున్‌సాన్‌లో మా చిన్న మేనమామ ఉండేవాడు. అన్నం దగ్గర కూర్చుని చాప్‌స్టిక్స్ కోసం బల్లంతా తడుముకునేవాడు. పిల్లలం అందరం నవ్వేవాళ్ళం. ఆయనా మాతో పాటు నవ్వేవాడు.

ఎవరూ లేరని చెప్పాను.

సాయంత్రం ఇంటి కిందున్న మా లాండ్రీ షాపులోకి వెళ్తే, మా ఆయన ఇస్త్రీ ఆపకుండానే డాక్టర్ ఏమన్నాడని అడిగారు. కళ్ళద్దాలు మార్చమన్నాడని చెప్పాను. అబద్ధం కాదు. అద్దాల మాట కూడా వచ్చింది.

అక్టోబర్ 22, మంగళవారం

తెర మీదున్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇన్నాళ్ళూ తెలీదు. మన పాత టైపు సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆ గొంతు ప్రతి అక్షరం చదువుతుంది. నారే చెప్పిన లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో పేజీ తెరిస్తే దానికి నోరు పెగలదు.

ఊరికే తెలుసుకున్నాను. దీనికీ పాంగ్ గారి రిపోర్టుకీ సంబంధం లేదు. అది వేరు, ఇది వేరు.

అక్టోబర్ 26, శనివారం

ఇల్సాన్‌లో చూపు లేనివాళ్ళ సంక్షేమ కేంద్రం ఉంది. శనివారాలు కంప్యూటర్ నేర్పుతారు. వెళ్ళాను. మా తమ్ముడి కోసం వచ్చానని చెప్పాను.

నేర్పే ఆయన పేరు మా గితే, 'మా' ఇంటిపేరు. యాభై దాటినవాడు, పుట్టుకతోనే చూపు లేదు, నోరు కాస్త దురుసు. లోపలికి వెళ్తూనే దారిలో ఉన్న కుర్చీకి తగులుకున్నాను. ఆయన చప్పుడు వైపు తిరిగాడు.

మీ తమ్ముడికి కంప్యూటర్ ఉద్యోగానికా, చదువుకా అని అడిగాడు. రెండింటికీ అన్నాను. ఏం ఉద్యోగం అన్నాడు. అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం అన్నాను. నవ్వాడు. తర్వాత ఓపిగ్గానే చెప్పాడు. ఆఫీసు పని అయితే విండోస్ తీసుకోమనండి, మన దేశంలో చదివే గొంతులు ఎక్కువ దానికే తయారయ్యాయి. మాక్ అయితే గొంతు దానితోపాటే వస్తుంది, చదువుకోడానికి హాయి, కానీ ఆఫీసువాళ్ళు పంపే ఫైళ్ళతో తిప్పలు పడాలి. లినక్స్ ఉచితం, పట్టుదల ఉన్నవాళ్ళకి.

నేను అన్నీ రాసుకుంటున్నాను. ఆయన, "సిస్టం సంగతి సరే. తనకి కనపడ్డం లేదని మీ తమ్ముడు ఆఫీసులో చెప్పాడా?" అన్నాడు.

ఇంకా లేదన్నాను.

"అయితే ఏది కొన్నా ఒకటే."

ఎందుకన్నాను. ఏ సాఫ్ట్‌వేరైనా ఎక్కడో ఒక చోట నోరు మూసుకుంటుంది, అప్పుడు పక్కవాణ్ణి పిలిచి ఇక్కడ ఏముందో చదవమని అడగాలి, అడగడానికి నోరు లేనివాడికి గొంతున్న కంప్యూటర్ ఎందుకు అన్నాడు. నాకు కోపం వచ్చింది. వచ్చేస్తుంటే వెనక నుంచి, "మెట్లున్నాయి. పట్టుకుని దిగమనండి మీ తమ్ముణ్ణి," అన్నాడు.

మళ్ళీ వెళ్ళను.

నవంబర్ 1, శుక్రవారం

రిపోర్టు ఇచ్చేశాను. కొత్త విండోస్, పాత టైపు సాఫ్ట్‌వేర్.

కారణాలు రాశాను. అందరికీ చేతికి అలవాటైనది. పాత పుస్తకాల ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. కొత్తది నేర్చుకోడానికి వ్యవధి లేదు, మార్చిలో బళ్ళు తెరుస్తారు, డిసెంబర్‌లో పుస్తకాలు అచ్చుకి వెళ్ళాలి. ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఎవరు రాసినా ఇవే రాస్తారు.

పాంగ్ గారు ఇంతకుముందు, ప్రభుత్వమే లినక్స్ వైపు చూస్తోంది, ఉచితంగా వచ్చేది మనకెందుకు పనికిరాదని పట్టుబట్టారు. "ఉచితంగా వచ్చేది సిస్టమే సార్, దాన్ని బాగుచేసేవాడు కాదు," అంది నారే. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నా రిపోర్టు మీద సంతకం అయిపోయింది.

నారే మాత్రం తర్వాత కాఫీ మెషీన్ దగ్గర నిలబెట్టి అడిగింది, మొన్నటిదాకా మీరూ లేఅవుట్ సాఫ్ట్‌వేరే అన్నారు కదా అక్కా, ఏమైందని. ఆలోచిస్తే ఇదే మంచిదనిపించింది అన్నాను. నా మొహంలోకి చూసింది. చూసిందనే అనుకుంటున్నాను.

ఆలోచిస్తే ఇదే మంచిది. నిజంగానే.

నవంబర్ 14, గురువారం

ఇవాళ దేశమంతా కాలేజీ ప్రవేశ పరీక్ష. ఆఫీసులు ఆలస్యంగా తెరిచారు. రోడ్లన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. నాకు అలాంటి రోజులిష్టం, తోపులాట ఉండదు.

కొత్త కంప్యూటర్లు వచ్చాయి. తెర చదివే సాఫ్ట్‌వేర్ నా దాన్లో నేనే పెట్టుకున్నాను. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, జుట్టు ముందుకి వేసుకుంటే కనపడదు. పాటలు వింటున్నానని అనుకుంటున్నారు. ఆడగొంతు, తొందరగా చదువుతుంది. ఒక్క అక్షరం తేడా వస్తే చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. మునుపు కంటితో వదిలేసిన తప్పులు ఇప్పుడు చెవితో పట్టుకుంటున్నాను. పాంగ్ గారు ఇవాళ, ఈ మధ్య మీ ప్రూఫు ఇంకా నున్నగా వస్తోంది అన్నారు.

ఒక్క సూత్రాల దగ్గరే చిక్కు. రసాయన సూత్రం వస్తే ఆ గొంతు "వస్తువు" అని ఊరుకుంటుంది. అందులో ఏముందో చెప్పదు. అలాంటివి పెద్దవి చేసుకుని కంటితో చూస్తున్నాను. కనపడుతున్నాయి. కాస్త నెమ్మది, అంతే.

నవంబర్ 24, ఆదివారం

చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టాం. మా ఆయన అక్కచెల్లెళ్ళు వచ్చారు. క్యాబేజీకి కారం పూస్తుంటే పెద్దాడపడుచు, నువ్వు పూయకుండా వదిలేసిన ఆకులే ఎక్కువున్నాయి మ్యొంగ్‌ఓక్, మనసెక్కడుంది అంది. వయసు మీద పడుతోంది వదినా అని నవ్వేశాను.

ఆయన నా ముందున్న గిన్నె తీసుకుని మళ్ళీ పూశారు.

నవంబర్ 28, గురువారం

మిడిల్ స్కూల్ రెండో ఏడాది సైన్సు. అయాన్ల పాఠం ఉన్న పుస్తకం. నారే పేజీలు కట్టడం అయిపోయింది. సాయంత్రం వచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. కొత్త విండోస్‌లో మన పాత సాఫ్ట్‌వేర్ నుంచి అచ్చు ఫైలు తీస్తుంటే, అయాన్ల నెత్తిన ఉండే మైనస్ గుర్తులు ఎగిరిపోతున్నాయట. ప్లస్ ఉంటోంది, మైనస్ పోతోంది. అన్ని చోట్లా కాదు, కొన్ని చోట్ల. ఎక్కడ పోతుందో పట్టు దొరకడం లేదు.

"దిద్దగలిగినవి దిద్దాను అక్కా. చివరి ప్రూఫులో మీరు మైనస్‌ల కోసం ఒక్కటే పనిగా ఇంకోసారి చూడండి. మీ కంటి నుంచి తప్పించుకోవు."

చూస్తానన్నాను.

ఇద్దరం కలిసి చూద్దామా అని కూడా అడిగింది. అక్కర్లేదన్నాను.

డిసెంబర్ 3, మంగళవారం

చూశాను. అన్నీ ఉన్నాయి. సంతకం పెట్టి పంపేశాను.

డిసెంబర్ 8, ఆదివారం

షాపులో బటన్లు కుట్టిపెట్టాను. సూదిలో దారం ఆయన ఎక్కించారు. అడక్కుండానే.

డిసెంబర్ 17, మంగళవారం

పుస్తకం అచ్చయింది, ముందుగా బళ్ళకి పంపే కాపీలు వెళ్ళాయి. పుసాన్ నుంచి ఒక టీచరు ఫోన్ చేశాడు. క్లోరైడ్ అయాన్ నెత్తిన మైనస్ లేదు. పాఠంలో లేదు, ప్రశ్నల్లో లేదు, జవాబుల్లోనూ లేదు. మీ పుస్తకం నమ్మి చదివిన పిల్లాడు ఏడాదంతా తప్పు రాస్తాడు అన్నాడట.

నారే కాపీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పేజీ తెరిచి వేలు పెట్టి చూపించింది. నేను ఆ వేలు కింద చూశాను. భూతద్దం లేకుండా నాకు అక్కడ గుర్తు ఉందో లేదో కూడా తెలియలేదు. అవును, లేదు అన్నాను.

డిసెంబర్ 18, బుధవారం

మీటింగ్. పాంగ్ గారు, అమ్మకాల వాళ్ళు, నారే, నేను. పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించి మళ్ళీ అచ్చు వేయాలి.

చివర ఎవరు చూశారని అడిగారు. నేను చూశానన్నాను. పేజీలు కట్టిందెవరు అన్నారు. నారే తనేనంది. కొత్త విండోస్‌లో గుర్తులు పోతున్నాయని ముందే చెప్పానని కూడా అంది. మెల్లగానే అంది. నా పేరు ఎత్తలేదు.

పాంగ్ గారు నా వైపు తిరిగారు. "మీకు చెప్పిందా?"

"మాటవరసకి ఏదో చెప్పినట్టుంది. నా దగ్గర్నుంచి ఫైలు వెళ్ళేటప్పటికి గుర్తులున్నాయి."

ఉన్నాయి. నేను చూశాను కదా. ఆ తర్వాత అచ్చుకి పంపేటప్పుడు పోయి ఉండొచ్చు. అలా కూడా జరుగుతుంది. ఆ ఫైలు పంపేది నారేనే.

నేను చూశాను.

పెద్ద పెద్ద అక్షరాలు చేసుకుని, తల అటూ ఇటూ తిప్పుకుంటూ చూశాను. ఉన్నాయనే అనిపించింది. ఎక్కడ ఏముండాలో ఇన్నేళ్ళుగా తెలుసు. అందుకని ఉన్నాయనే అనిపించింది.

డిసెంబర్ 27, శుక్రవారం

నారే కాంట్రాక్టు పొడిగించలేదు. ఇవాళే ఆఖరు రోజు. బల్ల మీది కాక్టస్ మొక్క, చెప్పులు, కప్పు అట్టపెట్టెలో సర్దుకుంది. అందరికీ తల వంచి చెప్పింది. నా దగ్గరికొచ్చి, "వస్తాను మేడం," అంది.

పాంగ్ గారు అక్కడ లేరు. అయినా మేడం అంది.

డిసెంబర్ 31, మంగళవారం

ఏమీ లేదు.

జనవరి 4, శనివారం

సంక్షేమ కేంద్రానికి వెళ్ళాను. మా గారు ఒక్కరే ఉన్నారు, బార్లీ టీ తాగుతూ. తమ్ముడెలా ఉన్నాడని అడిగారు.

తమ్ముడు లేడన్నాను.

"తెలుసు. మీరు కుర్చీకి తగులుకున్నప్పుడే తెలుసు. మూడు అడుగుల కుర్చీ కనపడనివాళ్ళు తమ్ముడి కోసం రారు."

నారే సంగతంతా చెప్పాను. ఎవరికైనా చెప్పడం ఇదే మొదలు. రిపోర్టు సంగతి చెప్పాను, నా కోసమే ఆ పాత సాఫ్ట్‌వేర్ ఉంచమన్నానని చెప్పాను. చెప్తుంటే నాకే తెలిసింది, ఆ కారణాలన్నీ తర్వాత వెతుక్కున్నవని. ఆయన ఓదారుస్తాడనో, తిడతాడనో చూశాను. కప్పు కడిగి బోర్లించి వచ్చి కూర్చున్నాడు.

"సూత్రాలు చదివే పద్ధతులు వేరే ఉన్నాయి, అవి నేర్పుతాను. ఆ అమ్మాయి సంగతికి నా దగ్గర సాఫ్ట్‌వేర్ లేదు," అన్నాడు.

జనవరి 7, మంగళవారం

మా ఆయనతో కళ్ళ సంగతి చెప్పాను. పొద్దున షాపు తెరవకముందు.

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసి కూర్చున్నారు. ఎప్పటి నుంచి అన్నారు. అక్టోబర్ నుంచి అన్నాను. కిమ్చీ పెట్టిన రోజు నాకు అనుమానం వచ్చింది, నువ్వే చెప్తావని చూస్తున్నాను అన్నారు. అంతకుమించి అడగలేదు. మధ్యాహ్నం చూస్తే షాపు మెట్ల అంచులకి పసుప్పచ్చ టేపు అంటించి ఉంది. వంకరటింకరగా అంటించారు, తొందరలో.

నారే సంగతి చెప్పలేదు. ఒక్కసారే అన్నీ ఎందుకని.

జనవరి 14, మంగళవారం

పాత విండోస్ ఇవాళ్టితో సరి. ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు.

పాంగ్ గారి గదిలోకి వెళ్ళి తలుపేసి చెప్పాను. నాకు కనపడదు, ఆ ప్రూఫులో మైనస్‌లు నేను చూడలేదు, నారే నాకు స్పష్టంగా చెప్పింది, కలిసి చూద్దామన్నా నేనే వద్దన్నాను. రిపోర్టు కూడా నా వీలు చూసుకుని రాశాను.

 ఆయన అడిగిన మొదటి మాట, అయితే పోయిన ఏడాది మీరు చూసిన పుస్తకాల మాటేమిటి అని. అన్నీ మళ్ళీ ఎవరితోనైనా చూపించుకోండి అన్నాను. తల పట్టుకున్నారు. ముందే చెప్పి ఉంటే ఏదో ఒక పని చూసేవాళ్ళం కదా మ్యొంగ్‌ఓక్ గారూ అన్నారు. చూసేవారో లేదో. ఇప్పుడిక తెలియదు.

రాజీనామా అన్న మాట ఆయన అనలేదు. నేనే అన్నాను, ఆయన వద్దనలేదు.

నారేని వెనక్కి పిలవమని అడిగాను. ఆ సీటులో వేరే అమ్మాయిని తీసుకున్నాం అన్నారు. పోనీ ఒకసారి ఫోన్ చేసి తప్పు నీది కాదని చెప్పండి, వేరే ఎవరైనా అడిగితే అదే మాట చెప్పండి అన్నాను.

"చూద్దాం," అన్నారు.

ఆయన చూద్దాం అన్న పనులు ఇన్నేళ్ళలో ఎన్నో చూశాను. రేపు మళ్ళీ అడుగుతాను. కాగితం మీద రాయించుకుంటాను.

జనవరి 21, మంగళవారం

కాగితం ఇచ్చారు. రెండు వాక్యాలు. పొరపాటు పేజీలు కట్టిన ఉద్యోగిది కాదని, ప్రూఫు విభాగంలో జరిగిందని. నా పేరు రాయలేదు. రాయమన్నాను. చిరాకు పడి రాశారు. ఫొటో తీసి నారేకి పంపించాను. చూసినట్టు గుర్తు వచ్చింది గానీ జవాబు రాలేదు.

జనవరి 22, బుధవారం

ఇది కంప్యూటర్‌లో కొడుతున్నాను. మా గారు చెప్పినట్టు విండోసే కొన్నాం. ఇక ఆఫీసు లేదు గనక మాక్ అయినా ఒకటేనేమో అన్నాను. మీరు నాతో పాటు ఇక్కడ వచ్చేవాళ్ళకి ఫైళ్ళు దిద్దిపెట్టాలి కదా అన్నాడు. జీతం లేని పని. సరేనన్నాను. చేతితో రాసిన మునుపటి పేజీలు చూడబోతే గీతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి, నాకే చదవరావడం లేదు.

ఇందాక నారే ఫోన్ చేసింది.

కాగితం అందింది అంది. కృతజ్ఞతలు అని కూడా అంది, ఆఫీసువాళ్ళకి చెప్పినట్టు. ఎక్కడైనా చేరావా అని అడిగాను. ఇంకా లేదంది. రెండు చోట్ల ఇంటర్వ్యూ అయ్యాక, పాత ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంటామన్నారట. ఆ తర్వాత వాళ్ళ నుంచి కబురు లేదు. అది ఈ నెల మొదట్లో సంగతి. ఈ కాగితం అప్పుడు లేదు.

క్షమించమన్నాను. అటువైపు బస్సు ఆగిన చప్పుడు, తలుపు మూసుకున్న చప్పుడు వినపడ్డాయి. తను ఎక్కలేదనుకుంటా.

"నాకు అనుమానం వచ్చింది," అంది. "మీరు చెవిలో ఏం వింటున్నారో ఒకరోజు మీరు లేనప్పుడు పెట్టుకుని చూశాను. మీరే చెప్తారని ఊరుకున్నాను."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఒక్కసారి చెప్పి ఉంటే, ఆ మైనస్‌లన్నీ పక్కన కూర్చుని నేను చదివి పెట్టేదాన్ని కదా అక్కా. కలిసి చూద్దామా అని అందుకే అడిగాను."

 తర్వాత, ఇక మీదట నాకు ఏమీ పంపించకండి, ఫోన్ చేయకండి అంది. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది. అలాగేనన్నాను. పెట్టేసింది.

ఆయన ఇస్త్రీ బట్టలు పైకి తెచ్చి తలుపు దగ్గర నిలబడి ఎవరు ఫోన్‌లో అన్నారు.

ఆఫీసువాళ్ళు అన్నాను.

ఆయన బట్టలు అల్మారాలో పెట్టి వెళ్ళిపోతున్నారు. అడుగులు మెట్ల దాకా వెళ్ళాయి. పిలిచాను. ఆఫీసువాళ్ళు కాదు, నారే అన్నాను.

నారే ఎవరన్నారు.

కూర్చోండి, చెప్తాను అన్నాను.